‘నిద్రపోతోంది కదా అని లేపలేదు’: స్పృహ తప్పిన మనిషికి తొలి నిమిషం నుంచి ఐసీయూ దాకా ఏం చేయాలి

క్యాజువాలిటీ డ్యూటీలో నేను లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఇది. ఒకరోజు పొద్దున్నే మన విశాఖలోని పెదజాలారిపేట నుంచి ఒక పెద్దావిడను ఆటోలో తెచ్చారు. తల కొడుకు ఒళ్లో ఉంది, నోరు తెరుచుకుని గురక వస్తోంది, చెమటకి జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. "రాత్రి నుంచీ ఇలాగే పడుకునుంది డాక్టరుగారూ, అలిసిపోయింది కదా అని లేపలేదు" అన్నాడు కొడుకు. వేలి కొన గుచ్చి చూస్తే షుగర్ 28. ముందురోజు కార్తీక సోమవారం ఉపవాసం. ఉపవాసం ఉంది గానీ షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం మానలేదు. 25 శాతం డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) 100 మిల్లీలీటర్లు నరంలోకి పూర్తిగా ఎక్కకముందే కనురెప్పలు కదిలాయి. కళ్లు తెరిచి, పైనున్న ట్యూబులైటు చూసి, కొడుకుని చూసి, "ఏట్రా ఇది, ఎక్కడికి తెచ్చేవు నన్ను?" అంది.

ఆవిడ అదృష్టవంతురాలు. ఇంకో మూడు నాలుగు గంటలు అలాగే వదిలేసి ఉంటే, షుగర్ ఎక్కించినా మెదడు తిరిగి కోలుకోకపోవచ్చు. లేపితే లేచేది నిద్ర, లేపినా లేవనిది రోగం. గట్టిగా పిలిచి, భుజాలు పట్టి కుదిపినా కళ్లు తెరిచి అర్థమయ్యేలా మాట్లాడకపోతే ఎంత ప్రశాంతంగా కనిపించినా సరే, గుండెపోటు వచ్చినంత కంగారు పడాలి. ఇంట్లోవాళ్లకీ, కొత్తగా డ్యూటీలో చేరిన హౌస్‌సర్జన్లకీ ఇద్దరికీ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. ముందు సగం ఇంటివాళ్లది, తర్వాతది ఆసుపత్రిది. ఇద్దరూ రెండూ చదివితే మంచిది.

స్పృహ ఎలా పోతుంది

మెలకువగా ఉండటానికి రెండు బాగుండాలి. ఒకటి మెదడు కాండంలోని, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగంలోని, మేలుకొలుపు నాడుల వల. ఇది బొటనవేలంత జాగాలో ఉండి మెదడంతటినీ లేపి ఉంచుతుంది. రెండోది పైనున్న రెండు అర్ధగోళాల పొర. మనుషుల్ని గుర్తుపట్టేది, మాట్లాడేది, ఆలోచించేది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినరోజు రాత్రి మన ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఆ వీధే చీకటి. ఊరంతా చీకటి కావాలంటే పైనుంచి వచ్చే పెద్ద లైను తెగాలి, లేదా అన్ని వీధుల్లోనూ ఒకేసారి పోవాలి.

మెదడుకీ ఇదే లెక్క. ఒకపక్క చిన్న పక్షవాతం వస్తే చెయ్యి పడిపోతుంది, మాట పోతుంది, సాధారణంగా స్పృహ మాత్రం పోదు. పక్షవాతం వచ్చినవాడు లేవడం లేదంటే వెంటనే అనుమానించాల్సినవి కొన్ని ఉన్నాయి: మెదడులో రక్తస్రావమై వాపు కాండాన్ని నొక్కుతోందా, దెబ్బ కాండంలోనే పడిందా, పైకి కనపడని ఫిట్స్ నడుస్తున్నాయా, పక్కన ఇంకో కారణం కూడా ఉందా. రెండు అర్ధగోళాలూ ఒకేసారి మూగబోయాయంటే కారణం ఎక్కువగా రక్తంలో ఉంటుంది. షుగర్ పడిపోవడం, బాగా పెరిగిపోవడం, ఆక్సిజన్ అందకపోవడం, ఊపిరితిత్తుల జబ్బులో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం, సోడియం తగ్గడం, కిడ్నీ లేదా లివర్ చేతులెత్తేయడం, మందులు, విషాలు, వడదెబ్బ, మెదడు జ్వరం ఇలా.

మొదట మీరు పడిపోకండి

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మినప్పుడు పరుగెత్తుతున్నవాళ్లు పరుగెత్తుతూనే రోడ్డు మీద కూలిపోయారు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలకి అంటుకుని పాకుతుంది, పీల్చినవాళ్ల మెదడు మత్తులోకి జారిపోతుంది. మన ఊరు పోర్టు, ఫ్యాక్టరీలు, ఫిషింగ్ హార్బరు ఉన్న ఊరు. ట్యాంకులో, మ్యాన్‌హోల్లో, బోటులో చేపలు దాచే గదిలో మనిషి పడిపోతే వెనకే ఇంకొకరు దిగకూడదు. మొదటివాణ్ని తీయడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు పోయిన సంగతులు మనకి కొత్త కాదు. అగ్నిమాపక శాఖకి 101, అంబులెన్సుకి 108.

ఊపిరి చూడండి

చోటు సురక్షితం అనుకున్నాక గట్టిగా పిలవండి, భుజాలు తట్టండి. పలకకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు ఛాతీ కదలికని పది సెకన్లు చూడాలి. ఊపిరి లేకపోయినా, గాలి కోసం నోరు తెరిచి అప్పుడప్పుడూ ఎగశ్వాస తీస్తున్నా అది గుండె ఆగినట్టే లెక్క. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా నొక్కుతూ ఉండండి. అలసిపోతే మనిషి మారాలి, నొక్కడం ఆగకూడదు.

ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పై కాలు మోకాలి దగ్గర వంచి ముందుకు పెడితే మనిషి బోర్లా దొర్లడు. తల కాస్త వెనక్కి, నోరు నేలవైపు ఉండాలి. స్పృహలేని మనిషి గురక హాయిగా నిద్రపోతున్న గురక కాదు. నాలుక వెనక్కి జారి గాలిదారి మూసుకుపోతున్న చప్పుడది. పక్కకి తిప్పగానే చాలామందిలో ఆ చప్పుడు తగ్గుతుంది, వాంతి వచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి పోతుంది. నన్నడిగితే, ఇంటివాళ్లు చేయగలిగినవాటిలో దీన్ని మించిన వైద్యం లేదు. ఆటోలో తెచ్చేటప్పుడు కూర్చోబెట్టి, మెడ ముందుకి వేలాడుతుండగా తెస్తారు. దయచేసి అలా వద్దు. బండి మీంచి పడినవాళ్లయితే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా ముగ్గురు కలిసి తిప్పాలి.

నోట్లో ఏమీ పోయకండి. నీళ్లు, పంచదార నీళ్లు, నిమ్మరసం, చారు ఏదీ వద్దు. షుగర్ తగ్గిందని మీకు కచ్చితంగా తెలిసినా సరే, గుటక వేయలేని మనిషికి పోసిన పంచదార నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మగతగా ఉన్నా పిలిస్తే పలికి, సరిగ్గా మింగగలిగినవాళ్లకి మాత్రం మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ షుగర్ చూడండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మానేయండి. మొదటి రెండింటివల్ల పోయేది సమయం, మూడోదానివల్ల పళ్లు.

వడదెబ్బ మాత్రం ఇంటి దగ్గరే వైద్యం మొదలవ్వాలి. మే నెలలో విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. బయట పనిచేసే మనిషి ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడి కూలబడితే నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి, విసరండి. అంబులెన్సు వచ్చాక మొదలుపెడదాం అనుకోవద్దు. వడదెబ్బకి పారాసెటమాల్ పనిచేయదు.

ఆసుపత్రికి ఏం తేవాలి

రోగి మాట్లాడలేడు, అతని తరఫున మీరే మాట్లాడాలి. ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు కనిపించాడో గడియారం చూసి చెప్పండి. "పొద్దున" అంటే చాలదు, "ఆరున్నరకి టీ తాగి పేపరు చూశాడు" అంటే మాకు దారి దొరుకుతుంది. గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వగలం. ఆ లెక్క మొదలయ్యేది మీరు చెప్పిన టైము నుంచే. తర్వాత, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకు రండి. వాడేసిన ఖాళీ అట్టలు కూడా. పురుగుమందు అనుమానం ఉంటే ఆ డబ్బా తేవాలి. పరువు పోతుందని దాచకండి, డబ్బా మీది పేరుని బట్టే మందు మారుతుంది.

స్పృహ పోవడం ఒక్కసారిగా జరిగిందా, రెండు మూడు రోజులుగా మగత పెరుగుతూ వచ్చిందా? ముందు జ్వరం, వాంతులు, తలనొప్పి ఉన్నాయా? వారం రోజుల్లో తలకి చిన్న దెబ్బయినా తగిలిందా? ముసలివాళ్లలో మూడు నాలుగు వారాల కిందటి దెబ్బ కూడా లెక్కలోకి వస్తుంది. పదిహేను రోజుల్లో పాడేరు, అరకు, చింతపల్లి వైపు వెళ్లారా? ఈ ప్రశ్న విశాఖలో తప్పకుండా అడగాలి. ఏజెన్సీ నుంచి తిరిగొచ్చాక జ్వరమొచ్చి మగతపడితే అది మెదడుకి ఎక్కిన మలేరియా కాదని తేలేదాకా మలేరియానే.

సీటీ స్కాన్ 24 గంటలూ నడిచే ఆసుపత్రికే తీసుకెళ్లండి. దూరమైతే మాత్రం దారిలో ఉన్న ఏ చిన్న ఆసుపత్రిలోనైనా ఆగి షుగర్ చూపించుకోండి. పాడేరు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ఘాట్ దిగి వంద కిలోమీటర్లు పైమాటే. అంతసేపు తక్కువ షుగర్‌తో మెదడు ఆగదు. తీవ్రమైన మలేరియా అయితే ఆర్టిసునేట్ మొదటి మోతాదు కిలోకి 2.4 మిల్లీగ్రాముల లెక్కన అక్కడే ఇచ్చి పంపాలి. తర్వాతి మోతాదులు 12 గంటలకి, 24 గంటలకి.

క్యాజువాలిటీలో మొదటి పది నిమిషాలు

ఇక్కడి నుంచి హౌస్‌సర్జన్లకి. జబ్బు పేరు తర్వాత కనుక్కోవచ్చు. ముందు గాలిదారి, ఊపిరి, రక్తప్రసరణ చూసుకోవాలి. నోరు సక్షన్ చేసి, ఆక్సిజన్ పెట్టి, దెబ్బ అనుమానముంటే మెడకి కాలర్ వేయాలి. నరానికి లైను దొరకగానే రక్తం తీసి, అదే చేత్తో షుగర్ చూడాలి. 70 లోపుంటే డెక్స్‌ట్రోస్ ఇవ్వాలి. రోజూ తాగేవాళ్లకి, తిండిలేక చిక్కిపోయినవాళ్లకి దానితోపాటు థయామిన్ (విటమిన్ బి1) కూడా. అయితే థయామిన్ తెచ్చేదాకా గ్లూకోజ్ ఆపకూడదు. మాత్రలవల్ల షుగర్ పడిపోయినవాళ్లని లేచి కూర్చుని ఇడ్లీ తిన్నారు కదా అని ఇంటికి పంపొద్దు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్‌ల ప్రభావం గంటలకొద్దీ ఉంటుంది, కిడ్నీ జబ్బుంటే ఇంకా ఎక్కువ. కనీసం 24 గంటలు ఉంచి, గంట గంటకీ షుగర్ చూడాలి. పెదజాలారిపేట పెద్దావిడకి సాయంత్రం ఐదింటికి మళ్లీ 52కి పడింది. వార్డులో ఉంది కాబట్టి సరిపోయింది.

ఫిట్స్ నడుస్తుంటే లోరాజిపామ్ 4 మిల్లీగ్రాములు నరంలోకి. కనుపాపలు సూదిమొనలా ఉండి ఊపిరి మందగిస్తే మత్తుమందు అనుమానంతో నలాక్సోన్. అవే సూదిమొన కనుపాపలు, నోటి నురగ, చెమట, పురుగుమందు వాసన ఉంటే అట్రోపిన్, అదీ ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేదాకా. జ్వరం, మెడ బిగుసుకోవడం ఉంటే సీటీ కోసమో, వెన్నులో నీరు తీయడం కోసమో యాంటీబయాటిక్ ఆపొద్దు. రక్తం కల్చర్‌కి తీసి సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు మొదలుపెట్టండి. మెదడువాపు అనుమానముంటే అసైక్లోవిర్ కూడా.

స్పృహని కొలవడం

1974లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన న్యూరోసర్జన్లు గ్రాహం టీజ్‌డేల్, బ్రయన్ జెన్నెట్ ఇచ్చిన కొలత, గ్లాస్గో కోమా స్కేల్, ఇప్పటికీ మన కేస్‌షీట్ల మీద ఉంది. కళ్లకి 4, మాటకి 5, కదలికకి 6 మార్కులు. మొత్తం 15. ఏమీ లేనివాడికి కూడా 3 వస్తాయి. 8 లేదా అంతకన్నా తక్కువైతే కోమా అంటాం, గొట్టం వేసి గాలిదారి కాపాడటం గురించి అప్పుడు గట్టిగా ఆలోచించాలి.

కళ్లు వాటంతటవే తెరిస్తే 4, పిలిస్తే తెరిస్తే 3, నొప్పికి తెరిస్తే 2, తెరవకపోతే 1. మాటలో తికమక లేకపోతే 5, తికమక ఉంటే 4, పొంతనలేని పదాలకి 3, మూలుగుకి 2. కదలికే అన్నిటికన్నా ముఖ్యం. చెప్పినట్టు చేస్తే 6, కనుబొమ్మ పైఎముక నొక్కినప్పుడు చెయ్యి అక్కడిదాకా ఎత్తితే 5, చెయ్యి వెనక్కి లాక్కుంటే 4, మోచేతులు అసహజంగా ముడుచుకుంటే 3, కట్టెలా చాచుకుంటే 2.

ఇందులో మనవాళ్లు చేసే తప్పులు రెండున్నాయి. ఒకటి, "నా చెయ్యి పట్టుకో" అని అడగడం. అరచేతిలో వేలు పెడితే దానంతటదే మూసుకునే చెయ్యి మాట విన్నట్టు కాదు. "నాలుక చాపు", "రెండు వేళ్లు చూపించు" అనండి. రెండోది భాష. ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికొచ్చిన కుర్రాణ్ని తెలుగులో "నీ పేరేంటి" అని మూడుసార్లు అడిగి, జవాబు లేదని మాటకి 2 వేయడం కళ్లారా చూశాను. అదే కుర్రాడు ఒడియాలో అడగ్గానే ఊరిపేరుతో సహా చెప్పాడు. వార్డుబాయో, పక్క మంచం బంధువో, ఎవరో ఒకరికి ఆ భాష వచ్చి ఉంటుంది, పిలవండి. మొత్తం 9 అని ఒక్క అంకె వేయకుండా కళ్లు 2, మాట 2, కదలిక 5 అని విడివిడిగా, టైముతో రాయండి. అరగంటలో కదలిక 5 నుంచి 3కి దిగడం మొత్తం అంకెలో కనిపించకపోవచ్చు.

కనుపాపలు, ఊపిరి, మెడ

టార్చి లేకుండా కోమా రోగి దగ్గరికి వెళ్లకండి. రక్తంలోని మార్పులవల్ల వచ్చిన కోమాలో మనిషి ఎంత లోతుకి జారినా కనుపాపలు మామూలుగా వెలుగుకి ముడుచుకుంటూనే ఉంటాయి. ఒకవైపు కనుపాప పెద్దదై వెలుగుకి కదలకపోతే అటువైపు మెదడు కిందికి జారి నరాన్ని నొక్కుతోందని అర్థం. అప్పుడు లెక్క నిమిషాల్లోనే. తల 30 డిగ్రీలు ఎత్తి, మానిటాల్ కిలోకి ఒక గ్రాము దాకా ఇచ్చి, సీటీకీ న్యూరోసర్జన్‌కీ ఒకేసారి ఫోన్ చేయాలి. రెండూ పెద్దవై, ఒళ్లు ఎండిపోయి, గొణుగుతూ గాల్లో ఏవో ఏరుకుంటుంటే ఉమ్మెత్త కాయ గుర్తుచేసుకోండి.

లోతుగా, వేగంగా, ఆగకుండా తీసే ఊపిరి షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లమైందనో, కిడ్నీ చెడిందనో చెబుతుంది. సోడియం తగ్గే సంగతి కూడా మరవొద్దు. బీపీకి నీరు పోయే మాత్ర వాడే ముసలివాళ్లు నాలుగురోజులు వాంతులై మగతలోకి జారతారు. దాన్ని సరిచేసేటప్పుడు 24 గంటల్లో 8 నుంచి 10 యూనిట్లు దాటకూడదు. తొందరపడి పెంచితే మెదడు కాండం దెబ్బతింటుంది.

ఇక నా మనసులోంచి ఇప్పటికీ పోని సంగతి ఒకటి చెప్పాలి. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర రాత్రి బండి మీంచి పడిన కుర్రాణ్ని తెచ్చారు. మందు వాసన గుప్పుమంది. "అన్నా, నేను బానే ఉన్నా, ఇంటికెళ్తా" అన్నాడు. తాగి ఉన్నాడు, దిగితే పంపేద్దాం అని మూలమంచం మీద పడుకోబెట్టాం. నలభై నిమిషాలకి సిస్టర్ వెళ్లి లేపితే లేవలేదు, కుడి కనుపాప పెద్దదైపోయింది. పుర్రెకీ పైపొరకీ మధ్య రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ అయింది, బతికాడు, ఎడమచేతి బలం మాత్రం పూర్తిగా రాలేదు. మొదట్లో మాట్లాడి తర్వాత మగతపడటం ఆ గాయం సహజ లక్షణమే, పుస్తకంలో చదివిందే. వాసన నా కళ్లు కప్పేసింది. అప్పట్నుంచి తాగినవాడు అన్న మాట నా డ్యూటీలో రోగ నిర్ధారణ కాదు. తాగినవాడికీ షుగర్ చూస్తాం, కనుపాపలు చూస్తాం, అరగంటకోసారి లేపుతాం.

కోమాలా కనిపించేది

భీమిలి వైపు పల్లెలో నేల మీద పడుకున్న పదిహేనేళ్ల పిల్లాడు తెల్లారుజామున కడుపునొప్పి అన్నాడు, కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, మింగలేకపోయాడు, ఊపిరి ఆగింది. మా దగ్గరికి వచ్చేసరికి గొట్టం వేసి ఉంది, కదలిక సున్నా, కనుపాపలు స్పందించట్లేదు. దారిలో ఒకచోట "మెదడు పనిచేయట్లేదు, తీసుకెళ్లిపోండి" అన్నారట. ఒంటి మీద కాటు గుర్తు లేదు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, దోమ కుట్టినంత కూడా కనిపించదు. దాని విషం కండరాల్ని చచ్చుబరుస్తుంది గానీ మెదడుని కాదు. పాము విషానికి మందు ఇచ్చాం. అయితే అప్పటికే చచ్చుబడిన కండరాలకి ఆ మందు అంతగా ఉపయోగపడదు, బతికించేది వెంటిలేటరే. మూడోరోజు కాలి బొటనవేలు కదిలింది. ఆరోరోజు గొట్టం తీశాక, మొదటిరోజు మంచం దగ్గర మేనమామ ఏడుస్తూ ఏమన్నాడో పొల్లు పోకుండా చెప్పాడు.

అందుకే వర్షాకాలంలో నేల మీద పడుకుని తెల్లారేసరికి రెప్పలు వాలిన మనిషికి కట్లపాము కాదని తేలేదాకా మెదడు పోయిందన్న మాట అనకూడదు. మెదడు కాండం ముందుభాగంలో దెబ్బ తగిలినవాళ్లూ ఇలాగే మెలకువగా ఉండి కళ్లు పైకీ కిందికీ మాత్రం తిప్పగలుగుతారు. కదలని ప్రతి రోగినీ ఒకసారి "పైకి చూడు" అని అడగండి.

ఐసీయూలో రోజులు

ఇది మళ్లీ ఇంటివాళ్లకి. అసలు కారణానికి వైద్యం నడుస్తుండగా ఒళ్లు కాపాడటం నర్సింగ్ చేతిలో ఉంటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మూసుకోని కళ్లకి చుక్కలు వేసి టేపు అంటించడం, నోరు తుడవడం, ముక్కు గొట్టంతో తిండి, కీళ్లు బిగుసుకోకుండా కదపడం. పుండ్లు పడేది పిరుదుల మధ్య, మడమల దగ్గర. దుప్పటి ఎత్తి చూసే హక్కు మీకుంది, చూడండి. కారణం తెలియకుండా మగత కొనసాగుతుంటే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీశారా అని అడగండి. ఒళ్లు కదలకుండా మెదడులోనే నడిచే ఫిట్స్ దానిలోనే బయటపడతాయి.

గుండె ఆగి తిరిగి కొట్టుకున్నాక వచ్చిన కోమాలో కనీసం 72 గంటలు గడవకుండా ఏమీ తేల్చకూడదు, మత్తుమందుల ప్రభావం కూడా దిగి ఉండాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామంది కళ్లు తెరుస్తారు. కళ్లు తెరవడం, ఆవలించడం స్పృహ వచ్చినట్టు కాదు, అది బంధువులకి చాలా కష్టమైన దశ. అలాగని లోపల ఎవరూ లేరని కూడా అనలేం. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో, చెప్పిన పని ఏదీ పైకి చేయలేని 241 మంది రోగుల్ని మెదడు స్కాన్లతో, ఈఈజీలతో పరీక్షిస్తే, 60 మంది మెదళ్లు చెప్పిన మాటలకి లోపల్లోపల స్పందించాయి. బ్రెయిన్ డెత్ దీనికి పూర్తిగా వేరు. అవయవదానం కోసం దాన్ని ధ్రువీకరించాలంటే 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి.

లోపలికి పంపిన పది నిమిషాల్లో ఇలా చేయండి. చేతులు కడుక్కుని, ఇంట్లో పిలిచే పేరుతో పిలవండి. మీరెవరో, ఈరోజు ఏ వారమో, పొద్దునో సాయంత్రమో చెప్పండి. వాళ్లు రోజూ వినే భాషలో, రోజూ వినే గొంతుతో. కళ్లజోడు, వినికిడి యంత్రం వాడే మనిషైతే వాటిని తెచ్చి సిస్టర్‌కి ఇవ్వండి. చెయ్యి కదిలినట్టు అనిపిస్తే ఏం అన్నప్పుడు, ఏ చెయ్యి, ఎన్నిసార్లు కదిలిందో కాగితం మీద రాసి రౌండ్స్‌లో చూపించండి. ఖర్చు గురించీ, బతుకుతాడా పోతాడా అన్న దాని గురించీ మాత్రం మంచం దగ్గర మాట్లాడొద్దు. గుమ్మం దాటి బయటికి వచ్చాక మాట్లాడుకోండి.